"మేం టీవీ చూడం" అంటారు, ఏడున్నరకి వీధంతా సీరియల్ మోతే. దీన్ని ఎట్లా రీసెర్చ్ చేయాలి?

పొగాకు_పిల్ల, టంగుటూరు దగ్గర

అందరికీ నమస్కారం. నేను ఎంఏ జర్నలిజం రెండో ఏడాది. మా చుట్టుపక్కల పల్లెల్లో పొగాకు గ్రేడింగ్‌కి (ఆకును రకాల వారీగా వేరు చేసే పనికి) పోయే ఆడవాళ్లు సాయంత్రం సీరియళ్లు ఎలా చూస్తారు, వాటి గురించి ఏమనుకుంటారు అన్నది నా డిజర్టేషన్. మా అమ్మ పదిహేనేళ్లు గ్రేడింగ్‌కి పోయింది. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, పని తేలిగ్గా అయిపోతుందనుకున్నా.

గైడ్ గారు 300 మందికి ప్రశ్నాపత్రం ఇమ్మన్నారు. ముప్పై ప్రశ్నలు రాసుకుని ముందు ట్రయల్‌గా మా వీధిలోనే 22 మందిని అడిగా. మొదటి ప్రశ్న: "మీరు రోజుకు ఎన్ని గంటలు టీవీ చూస్తారు?" సగానికి పైగా చెప్పిన జవాబు ఒకటే. "మేం యాడ చూస్తాం అమ్మాయ్, దాని పాటికి అది మోగతా ఉంటది." సరే అని సున్నా వేసుకున్నా. అదే రోజు ఏడున్నరకి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే ఒక్క డైలాగు కూడా పోకుండా సీరియల్ మొత్తం వినపడింది. మా మేనత్త అయితే "వార్తలు చూస్తామని రాసుకో" అంది. ఎవరైనా వార్తలు పెడితే రిమోట్ లాక్కునే మనిషి ఆమె!

ఇప్పుడు నా దగ్గరున్నవి 22 కాగితాలు, అన్నీ అబద్ధాలే. ప్రశ్నాపత్రం పక్కన పెట్టేయాలా? సీరియళ్లనే కూర్చుని విశ్లేషిస్తే సరిపోతుందా, అలా అయితే ఎన్ని ఎపిసోడ్లు చూడాలి? వాళ్లిళ్లలో కూర్చుని గమనిస్తానంటే గైడ్ గారు "కబుర్లు రీసెర్చ్ కాదమ్మా" అన్నారు. మార్చిలో పొగాకు వేలం మొదలైతే ఇక ఎవరికీ నాతో మాట్లాడే తీరిక ఉండదు. టెన్షన్‌గా ఉంది.

---

ట్రంకురోడ్డు_77

ఇంత తంటా ఎందుకు? టీవీ ఎవరు ఎంత చూశారో లెక్కగట్టే బార్క్ అనే సంస్థ రేటింగులు ప్రతి గురువారం వస్తాయి. ఏ సీరియల్ ఎంతమంది చూశారో అందులోనే ఉంటుంది. డౌన్‌లోడ్ చేసి నాలుగు గ్రాఫులు గీస్తే డిజర్టేషన్ అయిపోయె.

---

నెల్లూరు_లెక్కలు

పైన ట్రంకురోడ్డు గారికి: రేటింగ్ అంటే ఎంపిక చేసిన ఇళ్లలో ఒక మీటరు పెడతారు. ఛానల్ ఆడియోలో మన చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్. చూసేటప్పుడు నొక్కాలి, లేచి పోతే మళ్లీ నొక్కాలి. వంటింట్లో రొట్టె కాలుస్తూ వింటున్న ఆమె బటన్ నొక్కినట్టా, నొక్కనట్టా? ఈ అమ్మాయి వీధిలో అందరూ ఆ బాపతే. పైగా ఆ లెక్క ప్రకటనలు అమ్ముకోవడానికి పుట్టిన లెక్క. ఆ పనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఈ పనికి రాదు.

ఇక అమ్మాయికి. ప్రశ్నాపత్రాన్ని తిట్టకు, ప్రశ్నను తిట్టు. "రోజుకు ఎన్ని గంటలు" అంటే ఏ ఇల్లాలైనా "నేనేం పనీపాటా లేనిదాన్నా" అన్నట్టు వింటుంది. "నిన్న రాత్రి అన్నం ఎన్నింటికి తిన్నారు? అప్పుడు టీవీ నడుస్తోందా? ఏం వస్తోంది?" అని అడిగి చూడు. నిన్నటి సంగతి, జరిగిన వరసలో. అబద్ధం ఆడే అవసరమే రాదు.

సర్వేకు సత్తా లేదని మాత్రం అనుకోవద్దు. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2009లో అచ్చు వేసిన పరిశోధన ఉంది. బీహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీల్లో 2001 నుంచి 2003 వరకు అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి అడిగారు. ఆ మధ్యలో కొన్ని ఊళ్లకు కేబుల్ వచ్చింది, కొన్నింటికి రాలేదు. వచ్చిన ఊళ్లలో "మొగుడు కొట్టడం తప్పు కాదు" అనే ఆడవాళ్లు తగ్గారు, మగపిల్లాడే కావాలనడం తగ్గింది. అక్కడ "టీవీ చూసి మీరు మారారా" అని ఎవరినీ అడగలేదు చూశావా? ముందూ వెనకా పోల్చారు, అంతే. నీకు మూడేళ్లు లేవు కాబట్టి ఆ దారి నీది కాదు.

సీరియళ్లను లెక్క కట్టాలంటే కంటెంట్ ఎనాలిసిస్. 1952లో బెరెల్సన్ అనే అమెరికా పరిశోధకుడు దీనికి పెట్టిన షరతు: పైకి కనపడేదాన్నే, ఒక పద్ధతి ప్రకారం, ఎవరు లెక్కపెట్టినా ఒకేలా వచ్చేట్టు లెక్కపెట్టాలి. చదవడానికి సులువు. నేను ఒక విద్యార్థితో కలిసి ఒక ఎపిసోడ్‌లో ఏడుపు సీన్లు లెక్కపెట్టా. నాకు 4 వచ్చాయి, ఆ అబ్బాయికి 9. వాడు కళ్లు చెమర్చినా ఏడుపే అన్నాడు, నేను చెంప మీదికి జారితేనే ఏడుపు అన్నా. ఈ గొడవ ముందే తేల్చి కాగితం మీద పెట్టుకోవాలి, దాన్నే కోడింగ్ షీట్ అంటారు. ఇద్దరు విడివిడిగా కోడ్ చేయాలి.

ఇక్కడో బోల్తా ఉంది. వంద సీన్లలో ఇద్దరూ చెరో పది సీన్లకు "కొట్టడం ఉంది" అని గుడ్డిగా టిక్కు పెట్టారనుకో. ఏమీ చూడకుండా పెట్టినా 82 చోట్ల ఇద్దరి మాటా కలిసే అవకాశం ఉంది. ఎందుకంటే "లేదు" అన్నవే ఎక్కువ కదా. కాబట్టి "మాకు 82 శాతం కలిసింది" అని మురిసిపోతే అది సున్నాతో సమానం. ఆ కాకతాళీయాన్ని తీసేసి లెక్కగట్టేదే కోహెన్ కప్పా. అది వేయకుండా వైవాకి పోవద్దు.

ఎన్ని ఎపిసోడ్లు అంటే, ఆర్నెల్ల సీరియల్‌లోంచి లాటరీ తీసి ఒక సోమవారం, ఇంకెక్కడిదో ఒక మంగళవారం, ఇలా ఏరి ఒక వారాన్ని అల్లుకోవడం ఒక పద్ధతి. వార్తాపత్రికల పరిశోధనలో పుట్టింది. వరసగా ఒకే వారం తీసుకుంటే ఖర్మకాలి అది రెండు సీరియళ్లను కలిపి నడిపే మహా సంగమం వారమై, సీరియలంటే రోజూ పెళ్లిళ్లే అని తేలుతుంది.

---

పొగాకు_పిల్ల

సార్, 82 లెక్క రెండుసార్లు వేసుకున్నాక అర్థమైంది. థాంక్స్. పాత ఎపిసోడ్లన్నీ ఓటీటీలో ఉన్నాయి కదా, అవి చూస్తే చాలా?

---

పెన్నా_ఒడ్డు

లెక్కల సార్ చెప్పినవన్నీ సరే. కానీ అమ్మాయ్, నీ ప్రశ్నకి జవాబు సీరియల్లో లేదు. నువ్వు అడిగింది "ఎలా చూస్తారు" అని.

ముందు ఓటీటీ సంగతి. అందులో ఉన్నది సీరియల్, మీ వీధిలో నడిచేది టీవీ. రెండూ ఒకటి కావు. గంటకు పన్నెండు నిమిషాల దాకా ప్రకటనలు ఉండొచ్చని నిబంధన. ఓటీటీలో ఆ ప్రకటనలు ఉండవు, కింద పరుగెత్తే పట్టీ ఉండదు, తర్వాత వచ్చే సీరియల్ ప్రోమో ఉండదు. రేమండ్ విలియమ్స్ అనే బ్రిటిష్ విమర్శకుడు ఒక వారం ఓడ ప్రయాణం చేసి మయామీలో దిగి, ఆ రాత్రి టీవీలో సినిమా చూడబోతే ప్రకటనలూ వేరే సినిమాల ట్రైలర్లూ కథలోకే వచ్చి కలిసిపోయి ఏది ఏదో తెలియలేదట. టీవీ అంటే విడివిడి కార్యక్రమాలు కాదు, ఆగని ప్రవాహం అని 1974లో ఆయన రాసింది ఆ రాత్రి పుణ్యమే. కాబట్టి ఓటీటీ వద్దు. ఎవరింట్లోనో కూర్చుని, ఏడు నుంచి తొమ్మిది దాకా ప్రకటనలతో సహా వచ్చిందల్లా రాసుకో. ప్రకటనలొచ్చినప్పుడు ఎవరు లేస్తారు, ఎటు పోతారు అన్నది కూడా. కూర ఆ విరామాల్లోనే ఉడుకుతుంది.

ఇక "కబుర్లు రీసెర్చ్ కాదు" అన్న మాట. మీ గైడ్ గారితో వాదన పెట్టుకోకుండా ఈ సంగతి చెప్పు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 అరువు తెచ్చుకుని మన దేశంలో పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపే సైట్ అనే ప్రయోగం చేశారు. ఆరు రాష్ట్రాలు, 2,400 పల్లెలు, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరందరికీ కలిపి ఒక టీవీ. దాని ఫలితం తేల్చడానికి ఇస్రో పెద్ద సర్వేలు చేసింది, సరే. వాటితో పాటు మానవ శాస్త్రవేత్తల్ని పల్లెల్లో కాపురం పెట్టించి చూడమంది కూడా. రాకెట్లు ఎగరేసేవాళ్లకే కబుర్లు రీసెర్చ్ అయినప్పుడు మనకెందుకు కావు?

ఆ తర్వాత డేవిడ్ మోర్లీ అనే బ్రిటిష్ పరిశోధకుడు. 1980ల్లో దక్షిణ లండన్‌లో 18 కుటుంబాలతో వాళ్లిళ్లలోనే మాట్లాడాడు. ఆయన గమనించిందేమిటంటే, మగవాళ్లు నోరు మూసుకుని కళ్లప్పగించి చూస్తారు. ఆడవాళ్లు ఏదో ఒక పని చేసుకుంటూ, మాట్లాడుకుంటూ చూస్తారు. ఒక్క పనీ చేయకుండా కూర్చుని చూడాలంటే వాళ్లకి తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. రిమోట్ ఎక్కువగా నాన్న కుర్చీ చేతి మీద ఉంటుంది. మీ వీధిలో ఆడవాళ్లు "మేం చూడం" అన్నది అబద్ధం కాదమ్మా. వాళ్ల లెక్కలో చూడడమంటే మొగుళ్లు క్రికెట్ చూసినట్టు చూడడం. తాము చేసేదానికి ఆ పేరు లేదు. నువ్వు సున్నా వేసిన ఆ 22 కాగితాలు చింపకు, అవే నీ మొదటి డేటా. మీ మేనత్త వార్తల మాట కూడా.

నా కథ చెప్తా. నేను పీహెచ్‌డీకి కావలి పక్క పల్లెల్లో తిరిగిన రోజుల్లో, మొదటి వారం ఏ ఇంటికి పోయినా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, టీవీలో వార్తలు పెట్టి అందరూ వరసగా కూర్చుని నన్ను చూసేవాళ్లు. టీవీని ఎవరూ చూడలేదు! నోట్‌బుక్ నిండా "వార్తలు, వార్తలు". పది రోజులయ్యాక ఒకామె విసుగెత్తి "ఊరికే కూర్చోకపోతే ఈ చిక్కుడుకాయలు ఈనె తియ్యి" అని చాట నా ఒళ్లో పడేసింది. ఆ రోజే నా ఫీల్డ్‌వర్క్ మొదలైనట్టు. చేతిలో పని ఉంటే నువ్వు చుట్టం కాదు, పోలీసూ కాదు. ఛానల్ మార్చారు. అరగంటకి అత్తగారు సీరియల్‌లో అత్తని తిడుతోంది, కోడలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. ఏ ప్రశ్నకి ఈ జవాబు వస్తుంది చెప్పు?

అయితే దీనికీ కట్టుబాటు ఉంది, లేకపోతే మీ గైడ్ గారి మాటే నిజమవుతుంది. ఎందుకు వచ్చావో మొదటి రోజే చెప్పాలి, తెలిసినవాళ్లే కదా అని దాచకూడదు. ఇంట్లో గొడవలు కంట పడతాయి, పేర్లు మార్చడమే కాదు, ఇల్లు గుర్తుపట్టే ఆనవాళ్లు కూడా తీసేయాలి. వాళ్ల ముందు రాయకు, ఇంటికొచ్చి ఆ రాత్రే రాయి. తెల్లారితే నీకు గుర్తుండేది జరిగింది కాదు, నువ్వనుకున్నది. చూసింది ఒక పక్క, నీకు తోచింది ఇంకో పక్క. నువ్వు ఆ ఊరి పిల్లవి కాబట్టి నీకు ఇంకో చిక్కు: అన్నీ మామూలుగానే కనిపిస్తాయి. నాకు వింతగా కనిపించినవి నీకు కనపడవు.

ఏం అనుకుంటున్నారో పట్టుకోవడానికి స్టువర్ట్ హాల్ అనే బ్రిటన్ మేధావి 1973లో చెప్పినది ఒకటి వాడుకో. తీసినవాడు ఒక అర్థం పెట్టి పంపుతాడు. చూసేవాళ్లు కొందరు దాన్ని అట్లాగే తీసుకుంటారు, కొందరు తమ బతుక్కి తగ్గట్టు బేరమాడి తీసుకుంటారు, కొందరు అడ్డం తిప్పుతారు. మా ఊళ్లో కూలికి పోయే ఆమె ఒకతి, బంగళాలో ఏడుస్తున్న కోడల్ని చూసి "రోజుకూలికి పొయ్యుంటే ఈ ఏడుపుకి టైం యాడుండేది" అంది. అది ఏ గడిలో పడుతుందని నేను వారం రోజులు తలపట్టుకున్నా.

ఇంకొక్కటి. ఈన్ ఆంగ్ అనే ఆవిడ నెదర్లాండ్స్‌లో ఒక మహిళా పత్రికలో చిన్న ప్రకటన వేసింది. డల్లాస్ అనే సీరియల్ నాకు ఇష్టం, కానీ దాని గురించి జనం వింతగా మాట్లాడుకుంటున్నారు, మీకేమనిపిస్తుందో రాయండి అని. 42 ఉత్తరాలు వచ్చాయి. వాటి మీదే పరిశోధన మొత్తం నిలబడింది. 300 అక్కర్లేదన్నమాట. మీవాళ్లు ఉత్తరాలు రాయకపోవచ్చు, వాట్సాప్‌లో వాయిస్ పెట్టమను. ఆడవాళ్లు నిమిషాల తరబడి మాట్లాడతారు, నేను చూశా.

---

కేబుల్_బాబాయ్, కందుకూరు

పెద్ద చదువుల వాళ్ల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోబాకండి. పాతికేళ్లు కేబుల్ నడిపినోడిని. డిష్ యాంటెన్నా రోజుల నుంచి సెట్‌టాప్ బాక్సుల దాకా. జనం టీవీ చూస్తారో లేదో నాకు చెప్పేది ఫోను.

మామూలు రోజు పగలు వైరు తెగితే సాయంత్రం దాకా ఒక్కడూ అడగడు. రాత్రి ఏడున్నరకి తెగిందా, ఐదు నిమిషాల్లో ఫోను కాలిపోద్ది. అన్నీ ఆడ గొంతులే. క్రికెట్ రోజున అన్నీ మగ గొంతులే, బూతులు కూడా కలుపుకుని. సమ్మె, గాలివాన ఏదైనా ఇదే లెక్క. ఇంకో ఇచిత్రం ఏందంటే, పొగాకు కాల్చే రోజుల్లో బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కాడ పడుకునే మొగోళ్లు ఇంట్లో ఉండరు. ఆ రెండు మూడు నెలలు స్పోర్ట్స్ ఛానల్ రావట్లేదని ఫోన్లే రావు. రిమోట్ ఎవరి చేతికి వచ్చిందో నాకు ఇంట్లో కూర్చునే తెలిసేది.

కంప్లయింట్లు రాసుకున్న నోటుపుస్తకాలు అటక మీద ఉన్నాయి. తేదీ, టైము, వీధి, "పిక్చర్ లేదు" "సౌండ్ లేదు" ఇట్టాంటివి. నా భార్య పొయ్యిలో పెడతానంటుంది. నీకు పనికొస్తాయా అమ్మా?

---

పెన్నా_ఒడ్డు

బాబాయ్ గారూ, పొయ్యిలో పెట్టనివ్వకండి! దండం పెడతా.

అమ్మాయ్, షికాగో సైన్స్ మ్యూజియంలో గుడ్డులోంచి కోడిపిల్లలు బయటికొచ్చేది చూపించే ప్రదర్శన ఒకటుండేది. దాని ముందు నేల మీది పలకలు ఆరేసి వారాలకే అరిగిపోయి మార్చాల్సి వచ్చేదట, మిగతా చోట్ల ఏళ్ల తరబడి అట్లాగే ఉండేవి. ఏ బొమ్మ ముందు జనం నిలబడతారో ఎవరినీ అడగక్కర్లేకుండా నేలే చెప్పింది. 1966లో యూజీన్ వెబ్ బృందం ఇలాంటి జాడల గురించి ఒక పుస్తకమే రాసింది. బాబాయ్ పుస్తకాలు ఆ అరిగిన పలకలు. రీసెర్చ్ కోసం రాసినవి కావు కాబట్టి ఎవరూ నీకు నచ్చేట్టు చెప్పి ఉండరు. ఫోన్ చేయని ఇళ్లు అందులో ఉండవని మాత్రం గుర్తుంచుకో. ఫోన్ నంబర్లూ పేర్లూ కొట్టేశాకే కాపీ తీసుకో.

---

నెల్లూరు_లెక్కలు

ఒప్పుకుంటున్నా. ఆ నోటుపుస్తకాలు నాకూ చూడాలని ఉంది. గంట వారీగా, నెల వారీగా పట్టిక వేద్దాం, ఉచితంగా.

---

పొగాకు_పిల్ల

మూడు వారాలయింది, అందుకే మళ్లీ రాస్తున్నా.

బాబాయ్ దగ్గర నాలుగు నోటుపుస్తకాలు తెచ్చుకున్నా. లెక్కల సార్‌కి పంపేది పేర్లు కొట్టేశాకే. గైడ్ గారికి సైట్ సంగతి చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సరే, పదిహేను ఇళ్లు చాలు, కానీ ప్రశ్నాపత్రం కూడా ఉండాలి" అన్నారు. "నిన్న రాత్రి అన్నం ఎన్నింటికి" ప్రశ్నతో మొదలుపెడితే ఎవరూ సున్నా చెప్పలేదు.

ఇళ్లలో కూర్చున్నా. చిక్కుళ్లు కాదు కానీ నాకు వెల్లుల్లి ఒలిచే పని పడింది. పెన్నా అక్కా, మీరన్నట్టే నాకు ఏమీ వింతగా కనపడలేదు. ఎవరూ సీరియల్ గురించి పెద్దగా మాట్లాడరు కూడా. అలసిపోయి ఉంటారు, గోడకి ఆనుకుని సగం నిద్రలో వింటారు. పది రోజుల నోట్స్ చప్పగా ఉన్నాయి.

పదకొండో రోజు అమ్మతో పాటు గ్రేడింగ్ షెడ్డుకి పోయా, ఊరికే. ఆకు రంగు చూసి వేరు చేస్తూ ఎనిమిది గంటల నుంచి మొదలుపెట్టారు. "రాత్రి ఆ పిల్ల ఎందుకట్టా సంతకం పెట్టింది?" "పెట్టక? మీ ఆడబిడ్డ నీ చేత పెట్టించలా?" ఇక ఆగలేదు. సీరియల్ నుంచి ఊళ్లో పొలం తగాదాకి, అక్కడి నుంచి కూలి రేటుకి, మళ్లీ సీరియల్‌కి. రాత్రి నోరెత్తని వాళ్లు పొద్దున ప్రతి డైలాగూ అప్పజెప్తున్నారు. నేనేమో తప్పు చోట కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నా! ఇప్పుడు సగం రోజులు షెడ్డు, సగం రోజులు ఇళ్లు. మేస్త్రీ ఒప్పుకున్నాడు, నేను కూడా ఆకు వేరు చేయాలని షరతు. నా గ్రేడింగ్ చూసి ఆయన బాధపడుతున్నాడు.

ఇప్పుడు అసలు డౌటు. షెడ్డులో ఒక పెద్దావిడ ఉంది. కథ అందరికన్నా బాగా ఆమెకే తెలుసు. ఎవరు ఎవరికి ఏమవుతారు అన్న తగువొస్తే ఆమె మాటే ఫైనల్. వాళ్లింటికి వస్తానంటే నవ్వింది. ఇంట్లో టీవీ చెడిపోయి రెండేళ్లయిందట. అంతా షెడ్డులో విన్నదే. ఈమెను ప్రేక్షకురాలిగా లెక్కేయాలా వద్దా?

---

నెల్లూరు_లెక్కలు

నా పట్టికలో అయితే ఆమెకు గడి లేదు. గడి కట్టాలి.

---

పెన్నా_ఒడ్డు

లెక్కెయ్యి. ఆమె మీద ఒక అధ్యాయమే రాయొచ్చు. విన్న కథకీ వచ్చిన కథకీ తేడా ఎక్కడ పడుతుందో పోల్చి చూడు, తేడా ఉన్నచోట షెడ్డు ఏం కలిపిందో దొరుకుతుంది.

---

కేబుల్_బాబాయ్, కందుకూరు

ముందు ఆమెది ఏ ఊరో చెప్పమ్మా. నా కాడ పాత టీవీ ఒకటి, బాక్సు ఒకటి ఊరికే పడున్నాయి. ఆదివారం వచ్చి పెట్టిపోతా, డబ్బులేం వద్దు.

---

పొగాకు_పిల్ల

బాబాయ్, మీ మాట ఆమెకు చెప్పా. చాలాసేపు ఆలోచించి వద్దంది. "టీవీ పెట్టుకుంటే రేపట్నుంచి వీళ్లు నాకు కథ చెప్పరు కదా" అంది.